బీదర్ కోటకి వెళ్లేముందు తాళాల సంగతి తేల్చుకోండి

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి కారులో బయల్దేరి, పెద్దవాళ్లనీ పిల్లలనీ వెంటేసుకుని బీదర్ కోట, ఝరణి నరసింహస్వామి, గురుద్వారా మూడూ చూసుకుని రాత్రి భోజనం వేళకి ఇల్లు చేరొచ్చా అన్నది మీ ప్రశ్న. చేరొచ్చు. వారం వారం ఎందరో చేరుతున్నారు. కాకపోతే వాళ్లు కోట చూడరు, కోటలో తిరిగొస్తారు. ఎర్ర గోడల ముందు నాలుగు ఫొటోలు, ఫిరంగి పక్కన ఇంకొకటి, కారెక్కేటప్పుడు "గోల్కొండంత లేదులే" అని ఒక మాట. గోల్కొండ ఎక్కి చూసే కోట. బీదర్ తలుపులు తీయించుకుని చూసే కోట. ఈ తేడా తెలియకే చాలామంది రోజు పాడవుతుంది.

చూడదగ్గదంతా చాలామటుకు తాళం వెనకే ఉంటుంది. రంగీన్ మహల్ లోపలి గదులు, సోలా ఖంబా మసీదు, గగన్ మహల్, తర్కష్ మహల్... వీటిలో ఏది ఎప్పుడు తెరిచి ఉంటుందో ఏ బోర్డు మీదా రాసి ఉండదు. పైగా ఇక్కడో తిరకాసుంది. రంగీన్ మహల్ గుంబద్ దర్వాజా దాటగానే వస్తుంది. తాళంచెవి ఉన్న మనుషులేమో ఇంకా లోపల, మ్యూజియం వైపు ఉంటారు. జనం తలుపుకున్న తాళం చూసి, ఓహో మూసేశారు అనుకుని ముందుకెళ్లిపోతారు. తర్వాత వెనక్కి వచ్చే ఓపిక ఉండదు. మీరు తిన్నగా మ్యూజియం దగ్గరికి వెళ్లి పురావస్తు శాఖ సిబ్బందిని కలవండి. "రంగీన్ మహల్ చూడాలండీ, తీయిస్తారా" అని అడగండి. తెలుగులో అడిగినా అర్థమవుతుంది, ఉర్దూలో అడిగితే పని ఇంకా తొందరగా అవుతుంది. 1956 దాకా బీదర్ మన హైదరాబాద్ రాష్ట్రంలోదే కదా, ఆ దక్కనీ యాస అక్కడింకా అలాగే ఉంది.

అడిగే వేళ కూడా ముఖ్యమే. పొద్దున 9:30 నుంచి 11:30 మధ్య అయితే మనిషి దొరుకుతాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్తే ఆయన భోజనంలో ఉంటాడు, సాయంత్రం నాలుగున్నరకి వెళ్తే ఇంటికి బయల్దేరే తొందరలో ఉంటాడు. ఆదివారం గుంపు ఎక్కువగా ఉంటే తీయడానికి వెనకాడతారు. అందులో వాళ్లని తప్పుపట్టడానికి లేదు. ఐదొందల ఏళ్ల నాటి గోడ మీద ప్రేమికుల పేర్లు చెక్కే జాతి మనది. కాబట్టి సెలవు పెట్టగలిగితే మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. ఆదివారమే తప్పదంటే గుంపులు దిగకముందే, పదిలోపే కోటలో ఉండండి.

అలా ఉండాలంటే ఇంటి దగ్గర ఆరింటికి కదలాలి. నగరంలో ఏ మూల నుంచి బయల్దేరతారన్నదాన్ని బట్టి దూరం 120 నుంచి 145 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే మూడు గంటల ప్రయాణం. పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట మీదుగా ముంబై హైవే పట్టుకుని జహీరాబాద్ దాకా వెళ్లి, అక్కడ కుడికి తిరగాలి. అక్కడినుంచి బీదర్ ముప్ఫై కిలోమీటర్లుంటుంది. టిఫిన్ సంగారెడ్డి, జహీరాబాద్‌ల మధ్యే కానిచ్చేయండి. బీదర్ చేరాక తిందాంలే అనుకుంటే కోటకి పదకొండవుతుంది. కారు లేనివాళ్లకి ఎంజీబీఎస్ నుంచి బస్సులున్నాయి, వికారాబాద్ మీదుగా రైళ్లూ ఉన్నాయి. స్టేషన్ నుంచి కోటకి ఆటో.

ఊళ్లోంచి కోటకి వెళ్లే దారిలోనే చౌబారా అనే గుండ్రటి బురుజు, తర్వాత మహమూద్ గవాన్ మదరసా కనిపిస్తాయి. ఆశ పడి ఆగకండి. అవెక్కడికీ పోవు, వాటికి మధ్యాహ్నం ఉంది.

కోట దగ్గర మొదట షర్జా దర్వాజా, దాని పైన చెక్కిన రెండు పులులు. కట్టింది 1503లో. కారు లోపలిదాకా వెళ్తుంది కాబట్టి పెద్దవాళ్లని మ్యూజియం దగ్గర నీడలో దింపొచ్చు. కానీ మీరు మాత్రం షర్జా దర్వాజాకీ గుంబద్ దర్వాజాకీ మధ్య ఓసారి దిగి కందకం చూడండి. కందకం అంటే గోడ కింద ఓ గుంట అనుకుంటాం. ఇక్కడ మూడు వరసలున్నాయి, మూడూ రాతిలోకి తొలిచినవే. తొలిచేటప్పుడు మధ్యలో రెండు రాతి కట్టలు అలాగే వదిలేశారు, అంటే ఆ అడ్డుగోడలు కట్టినవి కావు, మిగిల్చినవి. ఈ ఎర్ర లాటరైట్ రాయి భూమిలో ఉన్నంతసేపూ కొంచెం మెత్తగా ఉంటుంది, కోసి గాలికి వదిలితే గట్టిపడుతుంది. ఆ గుణం వల్లే అంత తవ్వకం సాధ్యమైంది. మరి చుట్టూ మూడు కందకాలు ఎందుకు తవ్వలేదంటే, ఉత్తరం, తూర్పు దిక్కుల్లో పీఠభూమి అంచు నిట్టనిలువుగా పడిపోతుంది, అటు కొండే గోడ. ఊరివైపు మాత్రం నేల చదును, శత్రువు నడుచుకుంటూ వచ్చేయొచ్చు. అందుకే శ్రమంతా ఇటు పెట్టారు. దక్కన్‌ని ఏలిన బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చింది 1420ల చివర్లో. కోట పని 1432 నాటికి ఓ కొలిక్కి వచ్చింది.

ఇంత చేసినా ఔరంగజేబు ముందు నిలిచింది 27 రోజులే. 1657లో, ఆయన ఇంకా యువరాజుగా ఉన్నప్పుడు సంగతి. కోట కాపలా సిద్దీ మర్జాన్ అనే ముసలి సేనాపతిది. మొఘల్ సైన్యం కందకాలు పూడ్చుకుంటూ, ఫిరంగులతో బురుజులు కొడుతూ గోడ దాకా వచ్చింది. చివరి దాడి జరుగుతుండగా ఒక నిప్పు రాకెట్ వచ్చి బురుజు వెనక పోగేసిన మందుగుండులో పడింది. మర్జాన్, ఆయన కొడుకులు ఆ పేలుడులో ఒళ్లు కాలి గాయపడ్డారు. మర్జాన్ ఆ గాయాలతోనే పోయాడు, కోట లొంగిపోయింది. తర్వాత సోలా ఖంబా మసీదులో షాజహాన్ పేరు మీద ఖుత్బా, అంటే మసీదులో పాలకుడి పేరు చెప్పి చేసే ప్రసంగం, చదివించారు. నీళ్లు, రాయి, లోయ అన్నీ అడ్డుపెట్టుకున్న కోట సొంత మందుగుండుకే పోయింది. దేశమంతటా కోటల చరిత్ర ఇలాగే ఉంటుందని నా అనుమానం, గోడ ఓడిపోవడం అరుదు.

ఇక రంగీన్ మహల్. తాళం తీశాక తొందరపడకండి. బయటి మండపంలో చెక్క స్తంభాలు, దూలాలు, కొమ్మలు చెక్కిన బ్రాకెట్లు ఉంటాయి. చాలామంది ఇదే రంగీన్ మహల్ అనుకుని తిరిగొస్తారు. దాని వెనక గది గుమ్మం దగ్గరికి వెళ్లండి. నల్లటి రాయిలో సన్నటి గాళ్లు తొలిచి, వాటిలో ముత్యపు చిప్ప ముక్కలు కూర్చారు. తీగలు, పూలు, గుమ్మం పైన పారశీక పద్యాలు, అంతా చిప్పతోనే. లోపల చీకటి. మొదటి నిమిషం ఏమీ కనిపించదు, నల్ల రాయి మాత్రమే. ఫోన్ టార్చి తిన్నగా కొడితే తెల్లటి మరక ఒకటి కనిపించి ఊరుకుంటుంది. టార్చిని గోడకి పక్కగా, ఓ జానెడు దూరంలో, వాలుగా పట్టుకుని మెల్లగా జరపండి. అప్పుడు ఒక ముక్క గులాబీ రంగు, దాని పక్కది ఆకుపచ్చ, ఇంకోటి నీలం. చెయ్యి జరిగేకొద్దీ రంగులు మారతాయి. ఇది దీపాల వెలుగులో చూడటానికి చేసిన గది. కదిలే మంటకి ఈ గోడలన్నీ ఎలా ఉండేవో ఊహించుకోండి. చేయించింది అలీ బరీద్ షా, 1542 నుంచి 1580 దాకా ఏలినవాడు. బహమనీలు పోయి రాజ్యం చిన్నదైపోయాక వచ్చిన బరీద్‌షాహీ సుల్తాను అన్నమాట. పెద్ద సామ్రాజ్యం ఉన్నవాళ్లు పెద్ద గోడలు కట్టారు, చిన్న రాజ్యం మిగిలినవాడు చిన్న గదిని ఇలా చేయించుకున్నాడు. నా ఓటు రెండోవాడికే.

ఫ్లాష్ వాడొద్దు, గోడకి చెయ్యి ఆనించొద్దు. పిల్లల వేళ్లు ఆ ముక్కల మీదికే వెళ్తాయి, ముందే చెప్పి ఉంచండి. లోపల నలుగురికి మించి ఒకేసారి వెళ్లకండి, నీడలు అడ్డొస్తాయి. దీనికొక్కదానికే అరగంట కేటాయించండి.

మిగిలిన కోటకి రెండు, రెండున్నర గంటలు చాలు. మ్యూజియం ఉన్న భవనం ఒకప్పటి రాజుల హమ్మాం, అంటే స్నానశాల. ఎదురుగా లాల్ బాగ్, పక్కనే సోలా ఖంబా. పేరు పదహారు స్తంభాలనే గానీ లోపల లావుపాటి గుండ్రటి స్తంభాలు అంతకంటే చాలా ఎక్కువ. ముందు వరస మధ్యలో కనిపించే పదహారింటిని చూసి జనం పెట్టుకున్న పేరది. రాజధాని రాకముందే కట్టిన మసీదు కాబట్టి బీదర్‌లో పాతవాటిలో ఇదొకటి. గబ్బిలాల వాసన వస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లు గుమ్మం దగ్గరే ఆగండి. గగన్ మహల్, తర్కష్ మహల్ దగ్గర ఎక్కువసేపు అక్కర్లేదు. దివాన్-ఎ-ఆమ్ అనే దర్బారు హాల్లో నేల మీద రాతి దిమ్మెలు చూడండి. వాటి మీద చెక్క స్తంభాలు ఉండేవి, కర్ర పోయింది, దిమ్మెలు మిగిలాయి.

తఖ్త్ మహల్ దాకా నడక ఉంది, నీడ లేదు, అందుకే సగంమంది వెళ్లరు. వెళ్లండి. ఎత్తైన కమాను భుజం దగ్గర, తలెత్తి చూస్తే, రంగు పెంకుల్లో పులి, దాని వీపు మీద ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ ఉంటాయి. పారశీక గుర్తు అది. చెదిరిపోగా మిగిలిన ముక్కే, అయినా ఈ గోడలన్నీ ఒకప్పుడు ఎర్రగా ఉండేవి కాదనడానికి అదే సాక్ష్యం. మనం ఇప్పుడు చూస్తున్నది గచ్చు, పెంకులు రాలిపోయాక మిగిలిన అస్థిపంజరం. బీదర్ అంటే ఎర్రకోట అని వీడియోల్లో చెప్పేవాళ్లకి ఈ కమాను కింద ఓ పది నిమిషాలు నిలబడే శిక్ష వెయ్యాలి. దీన్ని మొఘలుల కోట అని చెప్పేవాళ్లకి ఇరవై.

హజార్ కోఠరీ అనే నేలమాళిగల గురించి గైడ్లు సొరంగాల కథలు చెబుతారు. వినండి, దిగకండి. డ్రోన్ అసలే తేకండి. రక్షిత కట్టడాల మీద అనుమతి లేకుండా ఎగరేయకూడదన్నది ఒకటైతే, పక్కనే వైమానిక దళ శిక్షణ కేంద్రం ఉంది. మీ తల మీదుగా జెట్ విమానం చెవులు పగిలేలా వెళ్లినప్పుడు ఎందుకు చెప్పానో తెలుస్తుంది.

సామాను మాటకొస్తే, మనిషికి లీటరున్నర నీళ్లు, టోపీ, అరిగిపోని అడుగున్న చెప్పులు, చిన్న టార్చి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. వానాకాలంలో కోట పచ్చగా, కందకంలో నీళ్లతో చాలా అందంగా ఉంటుంది గానీ మెట్ల మీద పాచి జారుతుంది. పెద్దవాళ్లతో అప్పుడొద్దు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్దామని ఎవరైనా అంటే స్నేహం గురించి మళ్లీ ఆలోచించుకోండి.

ఇప్పుడు ఝరణి నరసింహస్వామి. అక్కడ స్వామి దర్శనం అంటే గుహలో నడుం లోతు నుంచి ఛాతీ లోతు నీళ్లలో సుమారు 300 మీటర్లు నడిచి వెళ్లడం, మళ్లీ అదే దారిన రావడం. ఆదివారం క్యూ ఉంటుంది. నీటి మట్టాన్ని బట్టి, పనుల్ని బట్టి ఒక్కోసారి లోపలికి వదలరు. అద్దె బండ్ల డ్రైవర్లకి ఓ అలవాటు, దీన్నే మొదట పెడతారు. తడిసిన బట్టలు మార్చుకుని, ఏడ్చే పిల్లల్ని సముదాయించి కోటకి చేరేసరికి పన్నెండున్నర. తాళంచెవి ఆయన భోజనానికి వెళ్లే టైమ్ సరిగ్గా అదే! పొట్టి పిల్లలకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఆ నీళ్లు కష్టం కూడా. ఒక రాత్రి బీదర్‌లో ఉండగలిగితే మర్నాడు పొద్దున్నే, జనం లేనప్పుడు దర్శనం చేసుకోండి. ఒక్కరోజే అయితే ఇది వదిలేయండి. కోటకీ గుహకీ ఒకే రోజు న్యాయం చేయడం కుదరదు, ఎవరేం చెప్పినా.

గురుద్వారా అలా కాదు, మీ రోజులోకి చక్కగా ఇముడుతుంది. కోట ఒంటిగంటకి ముగించి నానక్ ఝీరా గురుద్వారాకి వెళ్తే దర్శనం, లంగర్‌లో (అందరికీ ఉచితంగా పెట్టే భోజనశాల) భోజనం రెండూ అవుతాయి. తలకి కప్పుకోవడానికి అందరికీ చేతి రుమాళ్లో చున్నీలో ఉంచుకోండి. హోటల్ కోసం వెతికే గంట మిగులుతుంది, పెద్దవాళ్లకి కాసేపు కూర్చునే చోటూ దొరుకుతుంది.

రెండున్నరకి మదరసా. మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చిన వర్తకుడు, బహమనీ ప్రధానమంత్రి అయ్యాడు, 1472లో ఇది కట్టించాడు. 1481లో ఓ దొంగ ఉత్తరం నమ్మి సుల్తాను ఆయన్నే చంపించాడు. 1696లో మందుగుండు పేలి మదరసా ముందు భాగం సగం ఎగిరిపోయింది. మిగిలిన ఒక్క మినార్ మీద పెంకుల వంకీలు దగ్గరికెళ్లి చూడండి. కోటలో ఊహించుకున్న రంగు ఇక్కడ కళ్లకి కనబడుతుంది.

అక్కడికి దగ్గర్లోనే చౌబారా, సిద్దీఖ్ తాలీం వైపు బిద్రీ పనివాళ్ల దుకాణాలు. బిద్రీ అంటే పదహారు వంతుల జింకుకి ఓ వంతు రాగి కలిపి పోతపోసి, చెక్కి, ఆ గాళ్లలో వెండి కూర్చి, చివర్లో కోట మట్టి, నవాసాగరం కలిపిన వేడి నీళ్లలో ముంచుతారు. లోహం నల్లబడుతుంది, వెండి అలాగే ఉంటుంది. ఎండా వానా తగలని పాత గోడల కింద మట్టే కావాలంటారు వాళ్లు. కొనేటప్పుడు వేలు పెట్టి చూడండి, వెండి అంచు గోటికి తగలకూడదు. చేతికి బరువుగా ఉండాలి. ధర సైజుని బట్టి కాదు, వెండి ఎంత పడిందన్నదాన్ని బట్టి. అందుకే అరచేతిలో పట్టే డబ్బీ ఒక్కోసారి పెద్ద కూజా కంటే ఎక్కువ ఉంటుంది. ఇంటికి తెచ్చాక సబ్బు, పీతాంబరి తగలనివ్వకండి, నలుపు పోతుంది. కొబ్బరి నూనె చుక్కతో తుడిస్తే చాలు.

నాలుగింటికి ఆష్టూరు. ఊరికి తూర్పున మూడు, నాలుగు కిలోమీటర్లు. దారిలో ఎడమవైపు గట్టు మీద ఎనిమిది పలకల చౌఖండీ ఉంటుంది, మెట్లెక్కితే రాతి మీద అక్షరాల చెక్కడం చూడొచ్చు. ఆష్టూరులో పొలాల మధ్య వరసగా బహమనీ సుల్తానుల గుమ్మటాలు. హుమాయూన్ గుమ్మటం పిడుగు పడి సగం కూలింది. ఆయన్ని జనం జాలిమ్, అంటే క్రూరుడు, అని పిలిచేవాళ్లు కాబట్టి పిడుగుకి కారణం ఏం చెబుతారో మీరే ఊహించుకోవచ్చు. అసలు చూడాల్సింది అహ్మద్ షా వలీ సమాధి లోపలి పైకప్పు. బంగారు పూత, కుంకుమ ఎరుపు, నీలం, వలయాలు వలయాలుగా అక్షరాలు. ఇక్కడ టార్చి పైకి కాకుండా పక్క గోడకి కొట్టి, కళ్లు అలవాటయ్యేదాకా ఆగండి. ఇది తాళం వేసి ఉంటే పక్కన అడగండి, చూసుకునే మనిషి దగ్గర్లోనే ఉంటాడు. అహ్మద్ షాని ముస్లింలు వలీ (మహాత్ముడు) అంటారు, లింగాయతులు అల్లమ ప్రభువు అంటారు. హోలీ తర్వాత జరిగే ఉర్సుకి (ఆయన వర్ధంతి ఉత్సవం) గుల్బర్గా వైపు నుంచి జంగమయ్య వచ్చి ముందు నిలబడతాడు. ఆ రోజుల్లో వెళ్లగలిగితే అదృష్టమే, కానీ గుమ్మటం లోపల ప్రశాంతంగా చూడటం మాత్రం కుదరదు.

ఆరు లోపే ఆష్టూరు నుంచి కదలండి. చెరకు సీజన్‌లో బీదర్, జహీరాబాద్ రోడ్డు మీద ట్రాక్టర్లు రెండేసి ట్రాలీలు కట్టుకుని, వెనక లైటు లేకుండా వెళ్తుంటాయి. చీకటి పడకముందే హైవే ఎక్కేస్తే ఆ బెంగ ఉండదు. తొమ్మిదికల్లా పటాన్‌చెరు దాటేస్తారు.